ఎడమ అంచు

యాళ్ళ ధర్మారావు ఫ్రేము కడితే గోదావరి సైతం ఒళ్ళు దగ్గర పెట్టుకుని పారుతుందని అంబాజీపేట చుట్టుపక్కల ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది ధర్మారావే అని ఇంకో మాట కూడా ఉంది. రెండూ నిజమే. ఒకసారి పెళ్ళికి ఏనుగును తెప్పించారట. ఏనుగునీ, దాని మీద పెళ్ళికొడుకునీ, పెళ్ళికొడుకు మేనమామ చేతికున్న కొత్త వాచీనీ ఒక్క ఫ్రేములో ఇరికించాడట. తోక మిగిలిపోతే తర్వాతి క్లిప్పులో సర్దాడట. ఏనుగు కూడా ఏమీ అనుకోలేదట.

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ సెంటర్లో వీడియో మిక్సింగ్ ఆయనదే. కెమెరా పట్టుకునేవాళ్ళు చాలామంది వచ్చారు, పోయారు. ధర్మారావు దగ్గర ఉన్న విద్య వేరు. ఎవరిని వదిలెయ్యాలో ఆయనకు తెలుసు. పెళ్ళయిన వారానికి జనం చెప్పులు బయట విడిచి, గొంతు తగ్గించి వస్తారు. "ధర్మారావుగారూ, మా తోడల్లుడు పడకూడదండి. మాటల్లేవు." ధర్మారావు తల ఊపి, క్లిప్పు మూల పట్టుకుని లాగుతాడు. నూరు శాతం ఉన్న బొమ్మ నూట పన్నెండు అవుతుంది. తోడల్లుడు మెల్లగా జారి తెర అవతలికి పోతాడు. పెళ్ళిలో ఎవరూ తగ్గినట్టుండదు, కాస్త దగ్గర్నుంచి చూసినట్టుంటుంది. నూట పన్నెండు శాతంతో ధర్మారావు కాపాడిన కాపురాలు లెక్కపెడితే ఒక పంచాయతీ అవుతుంది.

ఆయన కూతురు హైమావతి మాత్రం తండ్రికి సరిగ్గా ఎదురు పని కనిపెట్టింది. తండ్రి బొమ్మను పెంచి మనుషుల్ని బయటికి పంపితే, కూతురు బొమ్మను తగ్గించి బయటివాళ్ళను లోపలికి పిలిచింది.

హైమ కాకినాడలో కాంతి గురించి పాఠాలు చెబుతుంది. ఎండాకాలం సెలవులకు ఇడ్లీపాత్రంత పెట్టె ఒకటి ఒళ్ళో పెట్టుకుని బస్సు దిగింది. ఇంట్లో మంచినీళ్ళయినా తాగకుండా తండ్రి కంప్యూటరుకు దాన్ని తగిలించి, తన అన్నప్రాసన క్లిప్పు పెట్టమంది. పెట్టాడు. తెర నిండా ఆయన భార్య సుభద్ర, ఇరవయ్యారేళ్ళది, ఒళ్ళో పిల్లతో నవ్వుతోంది.

"ఇప్పుడు దీన్ని సగానికి తగ్గించు నాన్నా."

"తగ్గిస్తే చుట్టూ నలుపొస్తుందే."

"రానీ."

తగ్గించాడు. తెర మధ్య చిన్న కిటికీలా సుభద్ర మిగిలింది. చుట్టూ నలుపు.

"ఆ నల్లటి చోట ఏముందో చెప్పు చూద్దాం."

"ఏముంటుంది, నలుపుంది. ఇన్నేళ్ళు చదివించింది ఇది అడగడానికా?"

హైమ పెట్టె మీది మీట నొక్కింది. కాలవ మీద పొగమంచు విడినట్టుగా నలుపు విడిపోయింది. ముందు ఒక అరటాకు వచ్చింది. ఆకు పక్కన ఎవరో అత్తయ్య మోచెయ్యి, తర్వాత అత్తయ్య. గుమ్మంలో కోడిపెట్ట. ఏనాడో కూలిపోయిన పెంకుటింటి వసారా. తెర మీద ఇల్లంతా నీళ్ళలోంచి తేలుతున్నట్టు తేలింది.

"అమ్మ కళ్ళల్లో పడిందే ఇదంతా" అంది హైమ. "మనిషి దేన్ని చూస్తే దాని తళుకు కంట్లో ఉంటుంది కదా. క్లిప్పులో ఉన్నవాళ్ళ కళ్ళన్నీ వెతికి, ఎవరెవరు ఏం చూస్తున్నారో ఏరుకొచ్చి, ఈ పెట్టె బయట అతికిస్తుంది. క్లిప్పులో ఎక్కడో ఒకచోట పడ్డవాళ్ళు చూసింది వస్తుంది. చూడనిది రాదు."

ధర్మారావుకు ఆ మాటలు వినపడలేదు. తెర ముందు భాగంలో, భుజం మీద బండరాయంత కెమెరా పెట్టుకుని, నాలిక పళ్ళ మధ్య బిగించి, ఒక కన్ను మూసుకున్న బక్కపలచని కుర్రాడు నిలబడి ఉన్నాడు. రెండువేల పెళ్ళిళ్ళు తీసిన ధర్మారావు ఒక్క వీడియోలోనైనా లేడు. ఇదే మొదలు.

"నేనింత సన్నగా ఉండేవాణ్ణా?"

"కెమెరా లావులెండి" అంది గుమ్మంలోంచి సుభద్ర, చేతిలో కాఫీ గ్లాసులతో.

క్లిప్పు మళ్ళీ మొదటికొచ్చి ఆడింది. ఈసారి సుభద్ర గ్లాసులు బల్ల మీద పెట్టేసింది. తెర మధ్య, పిల్లను ఒళ్ళో పెట్టుకున్న సుభద్ర కళ్ళు మూతపడి ఉన్నాయి. నవ్వు నవ్వులాగే ఉంది, తల ఊపడం ఊపినట్టే ఉంది. కళ్ళు మాత్రం నిద్రపోతున్నాయి.

హైమ ఫోనులో ఉన్న నకలు తీసి చూసింది. అందులోనూ మూతపడ్డాయి. పిన్ని కూతురికి హైదరాబాదు ఫోను చేసి, అక్కడున్న నకలు చూడమంది. అదీ అంతే. ఎలా అంటే హైమ దగ్గర జవాబు లేదు. మూడు పుస్తకాల నిండా లెక్కలు మాత్రం ఉన్నాయి.

"చూపు ఒక్కసారే ఇవ్వగలరు నాన్నా. ఇచ్చేస్తే ఇంక ఉండదు."

"పోన్లే, ఇన్నేళ్ళూ మీ నాన్నని చూసి చూసి అలిసిపోయుంటాను" అని సుభద్ర నవ్వేసింది. మధ్యాహ్నం కూరలు తరుగుతూ కత్తిపీట వదిలి వచ్చి, ఆ క్లిప్పు ఇంకోసారి పెట్టించుకుంది. చాలాసేపు చూసి, "పిల్లని చూడ్డం మానేసినట్టుందండీ" అని లోపలికి వెళ్ళిపోయింది.

జనం అంచు మిషనని పేరు పెట్టిన ఆ పెట్టె వచ్చిందన్న సంగతి కాలవగట్టు దాటడానికి రెండు రోజులు పట్టలేదు. మూడు కుటుంబాలు పెళ్ళిళ్ళు పట్టుకొచ్చాయి. మొదటి పెళ్ళి వెడల్పు చేస్తే, చనిపోయిన తాతగారు పందిరి వెనకాల బూరెలు పంచెలో మూట కట్టుకుంటూ దొరికాడు. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. రెండో దాంట్లో పెళ్ళికూతురి చెల్లెలు ఎవరి వంక చూస్తూ కూర్చుందో తెలిసింది. ఎవరూ నవ్వలేదు. మూడో దాని తర్వాత అన్నదమ్ములు ఉమ్మడి గట్టు మీద కంచె నాటుకున్నారు. మూడిళ్ళలోనూ పెళ్ళికొడుకులూ పెళ్ళికూతుళ్ళూ కళ్ళు మూసుకుని తాళి కట్టుకుంటున్నారు.

"ఇంక చాలు నాన్నా, దీన్ని ప్యాక్ చేసేస్తాను" అంది హైమ.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే గుమ్మంలోకి మాణిక్యం వచ్చింది, చేతిలో వీడియో క్యాసెట్టుతో. వెనకాల ఆమె భర్త గవర్రాజు గొడుగు మడుస్తున్నాడు.

మాణిక్యానికి యాభై దగ్గర పడ్డాయి. కొబ్బరిపీచు మిల్లు నడుపుతుంది. ఆమె గొంతు మిల్లు చప్పుడు మీదుగా వినపడేలా పెరిగింది. ఆ రోజు మాత్రం తగ్గించే మాట్లాడింది.

"హైమమ్మా, మా పెళ్ళి వెడల్పు చెయ్యాలమ్మా. ఇదొక్కటీ చేసెయ్."

ధర్మారావు ఆ క్యాసెట్టు అట్ట మీద తన చేతిరాత చూశాడు.

ఆ పెళ్ళి ఆయనకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందటిది, పగటి ముహూర్తం, పదీ నలభైకి. మాణిక్యానికి తండ్రి లేడు. తల్లి సూరమ్మ భర్త పోయిన మనిషి గనక పీటల దగ్గరికి రాకూడదన్నారు. పెదనాన్న వీర్రాజు దంపతులు కన్యాదానం చేశారు. పెళ్ళి ముందు రోజు మాణిక్యం తల్లి చెయ్యి పట్టుకుని, నువ్వు కనపడకపోతే నేను పీటల మీద కూర్చోనని మొండికేసింది. పందిట్లోకి వచ్చి ఒక మూల నిలబడతానని సూరమ్మ మాటిచ్చింది.

వంచిన తల ఎత్తకుండా కూర్చున్న పెళ్ళికూతురికి తల్లి ఎక్కడా కనిపించలేదు. అత్తారింటికెళ్ళాక అడిగింది. చూశామన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆనాటి నుంచి తల్లీకూతుళ్ళ మధ్య అదొక్కటే మాట. "నువ్వు రాలేదు." "వచ్చానే, నిలబడ్డానే." "ఎవరు చూశారు?" ఆ ప్రశ్న దగ్గర సూరమ్మ ఎప్పుడూ ఆగిపోయేది. పోయిన కార్తీకంలో ఆవిడ పూర్తిగా ఆగిపోయింది.

ధర్మారావుకు ఇంకొకటి కూడా తెలుసు. పదహారు రోజుల పండగకు పుట్టింటికి వచ్చిన మాణిక్యం, క్యాసెట్టు తీసుకుంటూ, "మా అమ్మ ఎక్కడైనా పడిందా బాబాయ్?" అని అడిగింది. "పడలేదమ్మా" అన్నాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందుకే అది అన్నేళ్ళు ఆయన గొంతులో ముల్లులా నిలబడింది.

"టేపు పాతదమ్మా. బూజు పట్టుంటుంది" అన్నాడు ఇప్పుడు.

"బానే ఉంది నాన్నా" అంది హైమ, దూదితో తుడుస్తూ. తర్వాత మాణిక్యం వైపు తిరిగి, "అక్కా, ముందే చెబుతున్నా. ఇది అయ్యాక అందులో అందరి కళ్ళూ మూసుకుపోతాయి. నీవీ, బావగారివీ. మళ్ళీ తెరుచుకోవు" అంది.

"మీ బావ కళ్ళకేం, ఆ రోజు నుంచీ మూసుకునే ఉన్నాడు."

"ఆయ్, తెరిస్తే ఇది ఊరుకోదండి" అన్నాడు గవర్రాజు, పాపం ఎవరూ అడక్కుండానే. అని, క్యాసెట్టు వంక చూసి మెల్లగా, "చేసెయ్ అమ్మా. ఇంట్లో రోజూ ఇదే గొడవ. పోయినావిడతో కూడా గొడవే" అన్నాడు.

టేపు తిరిగింది. పెళ్ళి తెర నిండా వచ్చింది. పీటలు, వంచిన మాణిక్యం తల, బాసికం జారిపోతున్న గవర్రాజు. బిగుతుగా, అందంగా కట్టిన ఫ్రేము. పందిరి ఎడమ గుంజ సరిగ్గా అంచు మీద ఆగి ఉంది.

"తగ్గించు నాన్నా."

ధర్మారావు మూల పట్టుకున్నాడు. తొంభై శాతానికి తెచ్చి ఆగాడు.

"ఇంకా."

ఎనభై. ఆయన వేలు మౌసు మీద బరువెక్కింది. ఇక్కడే ఆపేస్తే గుంజ దాటి పెద్దగా ఏమీ రాదు. పాత టేపు, ఇంతకన్నా తగ్గదమ్మా అంటే నమ్ముతారు. ఆయన మాట నమ్మని మనిషి ఈ సెంటర్లో లేడు.

"ఇంకా నాన్నా. ఏంటి, చెయ్యి నొప్పా?"

సగానికి తెచ్చి, చెయ్యి తీసేశాడు. హైమ మీట నొక్కింది.

పందిరి పొడుచుకొచ్చింది. కుడివైపు ముందు వచ్చింది. బుగ్గలు పూరించిన సన్నాయి మనిషి, డోలు, బూందీ కళాయి దగ్గర చెమట తుడుచుకుంటున్న వంటవాడు, బల్లల కింద పిల్లలు, పిల్లల కింద కుక్క. తడిసిన రంగులు ఆరుతున్నట్టు ఒక్కొక్కటే గట్టిపడ్డాయి. తర్వాత ఎడమవైపు. పెద్దమ్మ చీర, పెద్దమ్మ, వరసగా చుట్టాలు, వంటపాక దడి, దడి మీద బల్లి.

దడికీ గుంజకీ మధ్య ఏమీ రాలేదు. మనిషెత్తు తెల్లటి చోటు ఒకటి ఉండిపోయింది. గోడ కాదు, గుడ్డ కాదు. కాగితం మీద రంగు వెయ్యకుండా వదిలేసినట్టు ఉంది.

హైమ ముందుకు వంగింది. "ఇలా ఎప్పుడూ రాలేదే. అక్కడ ఎవరి చూపూ పడలేదు. పెట్టెకు దొరికిందేమీ లేదు."

"అంటే అక్కడ ఎవరూ లేరన్నమాట" అంది మాణిక్యం.

ఆవిడ కొంగు సర్దుకుని లేచింది. ఇరవై ఎనిమిదేళ్ళ పందెం గెలిచిన మనిషి ముఖంలా లేదు ఆ ముఖం. "పదండి. నేనన్నదే నిజం. రాలేదు."

"కూర్చో మాణిక్యం" అన్నాడు ధర్మారావు.

తెర ఎడమ పక్కకు వేలు చూపించాడు.

"ఆ దడి చూడు. దాని మీద బల్లి ఉంది. బల్లి మీద కూడా ఎవరి చూపో పడింది గనకే వచ్చింది. పెళ్ళిలో జనం చూడనిదంటూ ఉండదమ్మా. రెండు గంటల సేపు కూర్చుంటారు, దిక్కులన్నీ చూస్తారు. ఖాళీ చోటు ఉంటే దాన్నీ చూస్తారు. ఆ ఒక్క చోటు వైపు నూట యాభై మందిలో ఒక్కరూ తిరగలేదంటే, ఎందుకనుకున్నావు?"

మాణిక్యం నిలబడే ఉంది.

"శుభమా అని ముహూర్తం వేళ ఆ మనిషి కళ్ళబడకూడదని అందరూ తలలు తిప్పుకున్నారు. మీ పెదనాన్న ముందే నా పక్కకొచ్చి, ధర్మారావూ, సూరమ్మ గుంజ దగ్గర నిలబడుతుందట, క్యాసెట్లో పడకూడదన్నాడు. నేను జూమ్ బిగించాను. గుంజ దగ్గర అంచు కట్టాను. చూసింది నేనొక్కణ్ణే. నా కన్ను కెమెరా వెనకాల ఉంది, ఈ పెట్టెకు దొరకదు."

"మరి నేనడిగినప్పుడు?"

"పడలేదన్నాను."

హైమ తండ్రి వంక చూసింది. ఆ చూపును తట్టుకోవడం కంటే ఏనుగును ఫ్రేములో పెట్టడం సులువు.

"అన్నం పెడుతుంటే అన్నాను బాబాయ్ ఆవిడ్ని" అంది మాణిక్యం. గొంతు పెరగలేదు. "జ్వరంతో పడుకుంటే అన్నాను. ఆసుపత్రిలో ఆఖరి రోజున కూడా, ఇప్పుడైనా నిజం చెప్పవే అన్నాను. వచ్చానే అంది. అబద్ధాలకోరు అన్నాను." ధర్మారావు వైపు తిరిగింది. "ఇవాళ మీరు చెబుతున్నది మాత్రం నేనెందుకు నమ్మాలి? నా మీద జాలిపడి చెబుతున్నారేమో. అప్పుడూ బానే చెప్పారుగా."

టేపును ఆపాలన్న సంగతి అందరూ మర్చిపోయారు. అది తన పాటికి తాను తిరుగుతూనే ఉంది. సుభద్రే ముందు చూసింది.

"ఏవండీ. అది కదులుతోంది."

తెల్లటి చోటు దడిని వదిలింది. అడుగు తర్వాత అడుగు, వెనక్కీ ముందుకీ తడబడుతూ, గుంజ వైపు వస్తోంది. అది దాటిన మేర దడి పుల్లలు ఒక్కొక్కటే వెనకాల మళ్ళీ కనిపిస్తున్నాయి. చుట్టాల తలలు, పొలం మీద గాలి పోయినప్పుడు వరి వాలినట్టు, అది వచ్చే వైపు నుంచి పక్కకు వాలుతున్నాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అటు చూడలేదు. చూడకుండానే అందరూ దారి ఇచ్చారు.

గుంజ పక్కన అది ఆగింది.

పురోహితుడు చెయ్యెత్తాడు. గట్టిమేళం మోగింది. పాత టేపులో డోలు నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టుంది. గవర్రాజు చేతులు మాణిక్యం మెడ వెనక్కి వెళ్ళాయి. నాలుగు వైపుల నుంచీ అక్షింతలు లేచాయి. కుడివైపువి కుడివైపు చేతుల్లోంచి, వెనకవి వెనక చేతుల్లోంచి.

తెల్లటి చోటులోంచి కూడా లేచాయి.

చెయ్యి లేదు, గాజుల్లేవు, చీరంచు లేదు. శూన్యంలోంచి పిడికెడు పసుపు గింజలు పుట్టి, గాలిలో విచ్చుకుని, గుంజ దాటి, ధర్మారావు కట్టిన అంచు దాటి, చిన్న కిటికీలోకి వచ్చి, వంచిన ఆ నల్లటి జుట్టు మీద రాలాయి. విసిరిన మనిషి మీద పడని చూపు ఎగిరిన గింజల మీద పడింది.

"ఎడమవైపు నుంచి వచ్చేవి" అన్నాడు గవర్రాజు, ఊపిరి మధ్యలో. "ఈ క్యాసెట్టు వందసార్లు చూశానండి. ఎడమవైపు నుంచి గింజలు రావడం చూస్తూనే ఉన్నాను. ఎవరివని అనుకోలేదు."

ధర్మారావు కూడా అనుకోలేదు. ఆ క్షణాన ఆయన కన్ను తాళిబొట్టు మీద ఉంది. నూట యాభై మంది తలలు తిప్పుకున్న సంగతి తెలిసి కూడా, తన ఆశీర్వాదం తగలకూడదంటారని తెలిసి కూడా, ఆ మనిషి గుప్పెట్లో గింజలు పట్టుకుని వచ్చిందని ఆయనకు ఇవాళే తెలిసింది.

తెల్లటి చోటు గుంజ దగ్గర ఇంకాసేపు నిలబడి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది. దడి దగ్గర కలిసిపోయింది. టేపు అయిపోయింది.

మళ్ళీ మొదటి నుంచి ఆడినప్పుడు పందిరి మొత్తం నిద్రపోతోంది. పీటల మీద ఇద్దరూ, పురోహితుడూ, పెదనాన్నా, బుగ్గలు పూరించిన సన్నాయి మనిషీ, అందరి రెప్పలూ వాలి ఉన్నాయి. కలలో పెళ్ళి చేస్తున్నట్టు చేతులు మాత్రం పని చేసుకుపోతున్నాయి. ఆ నిద్ర మధ్య నుంచి తెల్లటి చోటు ఒక్కటే మెలకువగా నడిచి గుంజ దగ్గరికి వచ్చింది.

"ఆపండి బాబాయ్" అంది మాణిక్యం.

ఆపాడు.

ఆవిడ కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. ఏడుపు వస్తుందేమోనని సుభద్ర భుజం మీద చెయ్యి వేసింది. ఏడవలేదు. తెర మీద వేలు పెట్టి, ఎడమ గుంజ చుట్టూ గుండ్రంగా తిప్పింది.

"మీరు చేసిన పని నేను మర్చిపోను. అది వేరే. ముందు ఇది చెయ్యండి. నేనూ వద్దు, ఈయనా వద్దు, పెదనాన్నా వద్దు. ఇది తెర నిండా రావాలి. పటం కట్టించి గోడకు పెట్టుకుంటాను."

"అక్కా, అందులో ఏమీ లేదు కదా" అనబోయి హైమ తండ్రి ముఖం చూసి ఆగిపోయింది.

ధర్మారావు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. క్లిప్పు మూల పట్టుకున్నాడు. నూట పన్నెండు దాటింది, రెండు వందలు దాటింది. పీటలు కుడివైపు నుంచి జారిపోయాయి, పెదనాన్న జారిపోయాడు, సన్నాయి జారిపోయింది. తెర మీద పందిరి గుంజా, దాని పక్కన తెల్లటి చోటూ మిగిలాయి. నడిమధ్యకు తెచ్చి, చూసి, తల అడ్డంగా ఊపాడు. చూసే మనిషికి ఎదర కొంత జాగా ఉండాలి, లేకపోతే గోడను చూస్తున్నట్టుంటుంది. ఎడమకు జరిపి, పెళ్ళిపీటలు ఉండిన వైపు చోటు వదిలాడు. నెత్తి పైన నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచాడు. నాలిక పళ్ళ మధ్య బిగుసుకుని ఉంది. ఆయనకు తెలియదు. సుభద్ర చూసింది గానీ చెప్పలేదు.

"ఇలాగేనా అమ్మా?"

మాణిక్యం తల వెనక్కి పెట్టి, ఒక కన్ను మూసి చూసింది.

"కొంచెం కిందికి దించండి బాబాయ్" అంది. "మా అమ్మ పొట్టి."